జో ఆర్పాయో: ఆరుసార్లు గెలిపించిన ఓటర్లది తప్పు కాదా?

చాండ్లర్ అల్లుడు:
మా మావయ్య నరసరావుపేట నుంచి వచ్చి నెలయింది. మొన్న ఫోన్లో జో ఆర్పాయో అనే అమెరికా షెరీఫ్ జైళ్ల పాత వీడియో చూస్తున్నారు. చారల బట్టల్లో ఖైదీలు, పింక్ డ్రాయర్లు, ఎండలో టెంట్లు. చూసి, "ఇలాంటోడు మనకి ఒక్కడుంటే చాలురా" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అదే గొడవ.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం చెప్తున్నా. ఆర్పాయో షెరీఫ్‌గా చేసింది ఆరిజోనా రాష్ట్రంలోని మారికోపా కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఫీనిక్స్, దాని చుట్టూ ఉన్న మా చాండ్లర్, మెసా లాంటి ఊళ్లు ఇందులోవే. జనాభా 40 లక్షల పైమాటే. ఇక్కడ షెరీఫ్‌ని నాలుగేళ్లకోసారి ఓటేసి ఎన్నుకుంటారు. ఎస్పీనీ జైలు సూపరింటెండెంట్‌నీ కలిపి ఒక్కరిని చేసి, పార్టీ టికెట్ మీద నిలబెట్టినట్టు అనుకోండి. ఆర్పాయో రిపబ్లికన్. 1993 నుంచి 2016 దాకా, 24 ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నాడు. కోర్టులు తప్పు పడుతూనే ఉన్నాయి, జనం గెలిపిస్తూనే ఉన్నారు. మరి తప్పు ఎవరిది?

మెసా పెద్దాయన:
నేను ఇక్కడికి వచ్చేసరికే ఆయన టీవీలో ఉన్నాడు. ఎలా వచ్చాడో చాలామందికి గుర్తుండదు. 1991లో ఫీనిక్స్ దగ్గర ఒక బౌద్ధాలయంలో తొమ్మిదిమందిని చంపేశారు. అప్పటి షెరీఫ్ మనుషులు టూసన్ అనే ఊరి కుర్రాళ్లని పట్టుకొచ్చి, గంటల తరబడి కూర్చోబెట్టి నేరం ఒప్పించారు. తీరా చూస్తే వాళ్లకీ దానికీ సంబంధం లేదు. ఆ పరువు పోయిన షెరీఫ్‌ని ఓడించడానికి 1992లో నిలబడ్డాడు ఈయన. మాదకద్రవ్యాల నిఘా సంస్థ డీఈఏలో పనిచేసి రిటైరయ్యాడు. ఒక్క టర్మే ఉంటానన్నాడు. (మధ్యలో భార్యతో కలిసి ట్రావెల్ ఏజెన్సీ నడిపాడు, అంతరిక్షయానానికి కూడా బుకింగులు తీసుకున్నాడు. ఆ రాకెట్ ఎగరలేదు.)

అంటే పోలీసులు అమాయకుల్ని ఇరికించారన్న కోపంతో జనం తెచ్చుకున్న మనిషి ఈయన. నాకు అదే విచిత్రం.

ముక్కుసూటి:
విచిత్రమేముంది సార్? కొరియా యుద్ధం నాటి మిలిటరీ టెంట్లు తెచ్చి వేశాడు, కొత్త జైలు కట్టే ఖర్చు మిగిల్చాడు. రోజుకి రెండు పూటలే తిండి. తెల్ల డ్రాయర్లు దొంగిలిస్తున్నారని పింక్ రంగు వేయించాడు. జైలంటే అత్తారిల్లు కాదు కదా. ఇరాక్‌లో మన సైనికులు టెంట్లలో ఉంటున్నారు, వీళ్లకేం అని ఆయన అడిగేవాడు. దానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు.

బార్ ఎగ్జామ్ బాధితుడు:
జవాబు ఉంది బ్రో. కౌంటీ జైళ్లలో ఉండేవాళ్లలో ఎక్కువమంది రిమాండ్ ఖైదీలు. నేరం రుజువు కాలేదు, బెయిల్ డబ్బు లేదు, అంతే. వాళ్లకి 2011 వేసవిలో 145 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 63 సెల్సియస్ వేడిలో...

మెసా పెద్దాయన:
ఆగు బాబూ. జైళ్లలో ఎక్కువమంది రిమాండ్‌వాళ్లన్నది నిజమే. కానీ టెంట్లలో ఉంచింది శిక్ష పడినవాళ్లని. ఏడాది లోపు శిక్షలు, తాగి బండి నడిపినవాళ్లూ వాళ్లూ. ఇలాంటివి కలిపేస్తే ముక్కుసూటి గారికి మనమే అవకాశం ఇచ్చినట్టు.

బార్ ఎగ్జామ్ బాధితుడు:
ఒప్పుకుంటున్నా, తొందరపడ్డాను. అయితే 2008లో ఫెడరల్ జడ్జి రిమాండ్ ఖైదీల పరిస్థితి రాజ్యాంగానికి విరుద్ధంగా ఉందన్నారు, తిండి సహా. అది టెంట్ల గురించి కాదు, లోపలి జైళ్ల గురించి. 1996లో ఒక ఖైదీని కుర్చీకి కట్టేస్తే చనిపోయాడు, ఆ కుటుంబానికి 82.5 లక్షల డాలర్లు ఇచ్చి కేసు సెటిల్ చేసుకున్నారు. మిగిల్చిన ఖర్చులో ఇది తీసేయాలి కదా.

గోంగూర అక్క:
నాకు డ్రాయర్ల గొడవ వద్దండి. ఎల్ మిరాజ్ సంగతి ఎవరూ ఎత్తట్లేదేం?

ఫీనిక్స్‌కి వాయవ్యాన ఉన్న చిన్న ఊరు. సొంత పోలీసులు సరిపోక షెరీఫ్ ఆఫీసుకి డబ్బు కట్టి కాపలా పెట్టించుకుంది. ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా వచ్చిన అత్యాచార, లైంగిక దాడి ఫిర్యాదులు 2007కి ముందు మూడేళ్లలో నాలుగొందల పైనే సరిగ్గా విచారించలేదని, కొన్నైతే అసలు ముట్టుకోలేదని తేలింది. బాధితుల్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఫైలు తెరిచి అడ్రస్ కనుక్కుని ఆ తల్లి తలుపు తట్టేవాడు లేడు. తర్వాత 2011 డిసెంబరులో ఆయన క్షమాపణ చెప్పాడు. ఎప్పటికో!

అదే కాలంలో డిప్యూటీలు, అంటే షెరీఫ్ కింది పోలీసులు, ఏం చేస్తున్నారు? టెయిల్ లైటు పగిలిందని కార్లు ఆపి, లోపలున్నవాళ్ల రంగు చూసి వలస కాగితాలు అడుగుతున్నారు. దానికి మనుషులున్నారు, కెమెరాలున్నాయి. పిల్లల ఫైళ్లకి లేరు. గట్టి పోలీసు అంటే ఇదేనా? మీ మావయ్యగారికి ఇది చదివి వినిపించండి.

ముక్కుసూటి:
అక్కా, ఎల్ మిరాజ్ విషయంలో మీరన్నది కాదనను. సిగ్గుపడాల్సిందే. కానీ ఆయన మీద పెట్టిన కోర్టు ధిక్కారం కేసు మాత్రం రాజకీయం. ఒబామా ప్రభుత్వం, సరిగ్గా ఎన్నికల ముందు 2016 అక్టోబరులో అభియోగం, జ్యూరీ కూడా లేకుండా జడ్జి ఒక్కరే తీర్పు. అందుకే 2017లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. జనం ఆరుసార్లు ఓటేసిన మనిషిని ఓటు అడగని జడ్జి దోషి అంటే ఎలా?

బార్ ఎగ్జామ్ బాధితుడు:
జ్యూరీ లేకపోవడం మీద మీ అసంతృప్తి న్యాయమే. మిగతాది చూద్దాం. మొదలైంది 2007లో. కేవ్ క్రీక్ దగ్గర ఒక కారు ఆపారు. అందులో చెల్లుబాటయ్యే వీసా ఉన్న మెక్సికన్ టూరిస్టుని గంటల కొద్దీ పట్టి ఉంచారు. అదే మెలెండ్రెస్ కేసు. 2011 చివర్లో జడ్జి ముర్రే స్నో, కేవలం కాగితాల్లేవన్న అనుమానంతో ఎవర్నీ పట్టి ఉంచొద్దని ఆర్డర్ ఇచ్చారు. ఆర్పాయో ఏడాదిన్నర దాన్ని లెక్కచేయలేదు. షెరీఫ్ మనుషులు జాతిని బట్టి కార్లు ఆపుతున్నారని 2013లో ఆ జడ్జే తీర్పిచ్చారు. ఈ స్నోని నియమించింది ఒబామా కాదు, జార్జ్ బుష్. ఆ ఆర్డర్‌ని లెక్కచేయనందుకే 2017 జులైలో ధిక్కారం నేరం రుజువైంది. ఆగస్టులో, శిక్ష ఎంతో చెప్పకముందే క్షమాభిక్ష. తీర్పు కూడా కొట్టేయమని ఆర్పాయో అడిగితే, ఆ తీర్పిచ్చిన జడ్జి బోల్టన్ కుదరదన్నారు.

ఇంకోటి. 2016లో మారికోపాలో ట్రంప్ గెలిచారు. అదే రోజు, అదే బ్యాలట్ మీద ఆర్పాయో ఓడిపోయాడు. ట్రంప్‌కి ఓటేసినవాళ్లలోనే కొందరు ఈయన్ని వద్దన్నారు. అది జడ్జి తీర్పు కాదు కదా.

మెసా పెద్దాయన:
ఓటర్లకి మరి అన్నేళ్లు ఎందుకు పట్టింది? నా మాట ఇది. ఆయన చేసిన తప్పుకి బిల్లు ఆయన ఇంటికి రాలేదు. 2007లో ఇక్కడి వారపత్రిక ఓనర్లిద్దర్ని రాత్రిపూట ఇంటి నుంచి పట్టుకెళ్లారు, మర్నాడే కేసు ఎత్తేశారు. దానికి కౌంటీ 37.5 లక్షల డాలర్లు కట్టింది. జైళ్ల కోసం వేసిన పన్ను డబ్బు దాదాపు 10 కోట్ల డాలర్లు వేరే పనులకి మళ్లించారని 2011లో కౌంటీ లెక్కలే తేల్చాయి. మేం ఓటేసినప్పుడు టీవీలో షో కనిపించింది. పన్ను కట్టినప్పుడు కౌంటీ పేరే కనిపించింది గానీ, ఆర్పాయో పేరు కనపడలేదు. నేనూ సిటిజన్ అయ్యాక ఒకసారి ఆయనకే వేశాను, దాచడమెందుకు.

2010లో, పోలీసులు ఆపినప్పుడు వలస కాగితాలు అడగమనే ఎస్‌బి 1070 చట్టం ఆరిజోనాలో వచ్చినప్పుడు మావాళ్లంతా పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఐ-797 నోటీసు జిరాక్సులు కారు డాష్‌బోర్డులో పెట్టుకున్నారు. అప్పుడు నా కొడుకు అడిగాడు, "నాన్నా, నువ్వు ఓటేసింది ఈయనకేనా?" అని.

నైట్ షిఫ్ట్:
2019లో షాద్‌నగర్ దగ్గర ఎన్‌కౌంటర్ అయితే పోలీసుల మీద పూలు చల్లింది మనవాళ్లే. మారికోపా ఓటర్లని అనడానికి మనకి నోరెక్కడిది?

గోంగూర అక్క:
నోరు ఉంది తమ్ముడూ. రెండూ తప్పే అనొచ్చు.

చాండ్లర్ అల్లుడు:
మావయ్యకి మొత్తం చదివి వినిపించాను. ఎల్ మిరాజ్ దగ్గర ఆపమన్నారు, మళ్లీ చదవమన్నారు. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఓడిపోయాకైనా ఊరుకున్నాడా?" అన్నారు. లేదు, 2018లో సెనేట్ ప్రైమరీ (పార్టీ టికెట్ కోసం జరిగే ఎన్నిక), 2020లో మళ్లీ షెరీఫ్ ప్రైమరీ, 2022లో ఫౌంటెన్ హిల్స్ మేయర్, మూడూ ఓడిపోయాడని చెప్పాను. తొంభై ఏళ్ల మనిషికి ఇంకా ఆశేంట్రా అని నవ్వారు. డ్రాయర్ల ఐడియా మాత్రం బాగుందని ఇప్పటికీ అంటున్నారు.