"ముందు ఎక్కడ వెతుకుతుంది?" అంటే పాపకు ఏమర్థమవుతోంది?

మా అక్క కూతురికి 4 ఏళ్ల 7 నెలలు. ఇంట్లో తెలుగే. నా సైకాలజీ ప్రాజెక్టుకు ముందు, ఎదుటివాళ్ల తప్పుడు నమ్మకాన్ని పిల్లలు పసిగడతారో లేదో చూసే పరీక్షను తనతో చేసి చూస్తున్నాను. 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ అనే పరిశోధకులు వాడిన బొమ్మల కథే. సీత గోళీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది, తను లేనప్పుడు గీత గోళీని పెట్టెలోకి మారుస్తుంది. సీతకు ఆ సంగతి తెలియదు కాబట్టి బుట్టలోనే వెతుకుతుందని చెప్పాలి.

"సీత వచ్చి ఎక్కడ వెతుకుతుంది?" అంటే మూడు వారాల్లో నాలుగుసార్లూ "పెట్టెలో" అంది. గోళీ మొదట ఎక్కడుందో, ఇప్పుడెక్కడుందో మాత్రం తడుముకోకుండా చెబుతుంది. బొమ్మలు మార్చాను, సాయంత్రం బదులు పొద్దున్నే అడిగాను, లాభం లేదు. ఇంకో సంగతి, నోటితో పెట్టె అంటూనే కళ్లు ఒక్క క్షణం బుట్ట వైపు పోతాయి. అందుకే తనకు అసలు తెలియదని నాకనిపించడం లేదు.

సీగల్, బీటీ అనే పరిశోధకులు 1991లో ఇలాంటి ప్రశ్నకు "మొదటగా" అనే అర్థమిచ్చే మాట చేర్చితే మూడు, నాలుగేళ్ల పిల్లలు బాగా చెప్పారు. నేనూ "ముందు ఎక్కడ వెతుకుతుంది?" అన్నాను. వెంటనే "బుట్టలో" అంది! కానీ మనకు "ముందు" అంటే "ఇంతకుముందు" అని కూడా కదా. గోళీ ఇంతకుముందున్న చోటు చెప్పిందేమో. "మొట్టమొదట" అంటే ఆ మాటే తెలియక నా మొహం చూసింది.

ఈ వయసు పిల్లలతో పనిచేసేవాళ్లు, పాత చోటును గుర్తుచేయకుండా ఈ ప్రశ్నను తెలుగులో ఏ మాటలతో అడుగుతారు?