ఉన్నది ఒక్కటే లాప్‌టాప్. ఉబుంటు బీటా వేసి చూడొచ్చా?

మొదటి_జీతం: అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది ఒక్కటే లాప్‌టాప్, విండోస్ 11. ఇంటి నుంచి చేసే పని, ఫొటోలు, అమ్మ పెన్షన్ కాగితాల స్కాన్‌లు అన్నీ అందులోనే ఉన్నాయి. విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపే ఉబుంటు కొత్త వెర్షన్ ఏప్రిల్‌లో వస్తుంది. దానికి ఇప్పుడు బీటా, అంటే పరీక్షించడానికి ముందుగా ఇచ్చేది, వచ్చింది, ఫైనల్ దాకా ఆగబుద్ధి కావడం లేదు. 100 జీబీ ఖాళీ చేసి వేరే పార్టిషన్‌లో (డిస్క్‌లో విడదీసిన భాగంలో) వేసుకుంటే విండోస్‌కి ఏమైనా అవుతుందా?

అచ్చుపని: వద్దు తమ్ముడూ. అన్నం పెట్టే మెషీన్ మీద ప్రయోగాలు చేయకు.

గోదారిగట్టు: వద్దంటే సరిపోదు కదండీ, ఎలా వేస్తే ఇబ్బంది ఉండదో చెప్పాలి. మొదట లైవ్ యూఎస్‌బీతో, అంటే ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచే, బూట్ చేసి చూడండి. ఇన్‌స్టాల్ నొక్కనంత వరకు లోపలి డిస్క్ మీద ఏమీ రాయదు. వైఫై, సౌండ్, స్లీప్ ఒక గంట చూసుకోండి. నచ్చితే విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌తో పార్టిషన్ తగ్గించి, ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ పూర్తిగా ఆగకుండా చేసే సెట్టింగు) ఆపేసి, ఆ ఖాళీలో వేసుకోండి. ఫైనల్ వచ్చాక మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, మామూలు అప్‌డేట్లతో బీటానే ఫైనల్ అయిపోతుంది.

నైట్‌షిఫ్ట్: "వేరే పార్టిషన్" అంటే పూర్తిగా వేరు అనుకోవడమే ఇక్కడ అసలు పొరపాటు. ఈఎఫ్‌ఐ పార్టిషన్, అంటే బూట్ ఫైళ్లు ఉండే చోటు, రెండింటికీ ఒక్కటే. బూట్ వరుస ఒక్కటే. మదర్‌బోర్డు మీద ఉండే బయోస్ ఒక్కటే. బూట్ సెట్టింగులు మారగానే, విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ దగ్గర ఎక్కడా లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. డిస్క్‌లో గీత గీసినంత మాత్రాన గోడ కట్టినట్టు కాదు.

గోదారిగట్టు: సరే, అయితే బయటి ఎస్‌ఎస్‌డీలో వేసుకోమనండి.

నైట్‌షిఫ్ట్: అక్కడా చూసుకోవాలి. బయటి డిస్క్ ఎంచుకున్నా బూట్‌లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) వెళ్లి లోపలి డిస్క్ ఈఎఫ్‌ఐలో కూర్చున్న సందర్భాలు చాలామందికి తెలుసు. వీలైతే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్క్ కనెక్షన్ తీసేయాలి.

వరంగల్_వాసి: అన్నా, వర్చువల్ మెషీన్‌ల, అంటే విండోస్ లోపలనే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌ల, వేసుకుంటే అయిపోతది కదా.

గోదారిగట్టు: చూడ్డానికి అది చాలు. పరీక్షించడానికి చాలదు. వర్చువల్ మెషీన్‌కి మీ అసలు వైఫై కార్డూ కనిపించదు, మూత వేస్తే నిద్రపోయి తెరిస్తే లేస్తుందో లేదో కూడా తెలియదు.

నైట్‌షిఫ్ట్: ఉబుంటు 17.10 గుర్తుందా? 2017 అక్టోబరులో వచ్చింది, డిసెంబరులో డౌన్‌లోడ్ ఆపేశారు. బయోస్ చిప్‌తో మాట్లాడే ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవర్ వల్ల కొన్ని లాప్‌టాప్‌లలో, ముఖ్యంగా లెనోవో మోడళ్లలో, బయోస్ సెట్టింగులు సేవ్ అవ్వకుండా పోయాయి. కొందరికి యూఎస్‌బీ నుంచి బూట్ కూడా అవ్వలేదు. పార్టిషన్ వేరుగా పెట్టుకున్నవాళ్లకి ఏం ఒరిగింది?

గోదారిగట్టు: అది బీటా కాదండీ, ఫైనల్! నేను చెప్పేదీ అదే. 2018 అక్టోబరులో విండోస్ 10 1809 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను తుడిచేస్తే, ఆపేసి మళ్లీ నవంబరులో విడుదల చేశారు. అదీ ఫైనలే. ముందే పరీక్షించిన ఇన్‌సైడర్లు కొందరు ఆ సంగతి రాసినా ఆ రిపోర్టులు అప్పుడు ఎవరి కంటా పడలేదు. ఫైనల్ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండేవాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలింది.

నైట్‌షిఫ్ట్: ఫైనల్‌కే అంత జరిగితే బీటా సంగతి ఇంక చెప్పాలా? 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దాచిపెట్టిన దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడింది. అప్పటికే అది డెబియన్ టెస్టింగ్, ఫెడోరా రాహైడ్ లాంటి పరీక్ష వెర్షన్లు వాడేవాళ్ల మెషీన్లలోకి వచ్చేసింది. దాని కోసం ఉబుంటు 24.04 బీటాని ఏప్రిల్ 4 నుంచి 11కి జరిపారు. బీటాలో బ్యాంకు లాగిన్ అవ్వకండి, ఆఫీసు పాస్‌వర్డ్ పెట్టకండి.

బందరు_లడ్డు: అసలు ఆ లాప్‌టాప్ ఆఫీసు వాళ్లదా, సొంతమా?

మొదటి_జీతం: సొంతమేనండీ. ఇంకా 7 ఈఎంఐలు ఉన్నాయి.

అచ్చుపని: నేను ఒక్క మాటలో ఎందుకు వద్దన్నానో చెప్తాను. మాది డీటీపీ, ప్రింటింగ్ షాపు. నాలుగేళ్ల కిందట మాఘమాసంలో, పెళ్లిళ్ల ఒత్తిడిలో ఉండగా మా మేనల్లుడు కొత్తది చూపిస్తానని ఒక బీటా వేశాడు. రెండో డిస్క్ అనుకుని మొదటి డిస్క్ ఎంచుకున్నాడు. పదకొండేళ్ల ఫైళ్లు పోయాయి. మర్నాడు పొద్దున్నే 500 శుభలేఖలు ఇవ్వాలి. పార్టీ సంతకం పెట్టిన ప్రూఫ్ కాగితం ఒక్కటే మిగిలింది. దాన్ని ముందు పెట్టుకుని అర్ధరాత్రి మళ్లీ టైపు చేశాను. అచ్చయింది, కట్టలు కట్టాం, ఇచ్చాం. సాయంత్రం పెళ్లికూతురి తండ్రి ఒక కార్డు పట్టుకుని వచ్చి, ఏమీ అనకుండా ఒక వరుస మీద వేలు పెట్టాడు. వాళ్ల నాన్నగారి పేరు ముందు "కీ.శే." పడిపోయింది. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 500 కార్డులూ మళ్లీ వేసిచ్చాను, డబ్బు తీసుకోలేదు. ఆయన వేలు పెట్టిన చోటు మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

గోదారిగట్టు: చాలా బాధాకరం మాస్టారూ. కానీ అది బీటా తప్పు కాదు. డిస్క్ తప్పు ఎంచుకున్నారు, బ్యాకప్ లేదు. ఫైనల్ వేసినా అదే జరిగేది.

అచ్చుపని: తప్పు ఎవరిదని నేను అడిగానా? నువ్వు లెక్క తేల్చేసి వెళ్లిపోతావు. పార్టీ ముందు తల వంచుకుని నిలబడ్డది నేను. ఈ కుర్రాడికీ రేపు ఏదైనా అయితే నువ్వు వచ్చి ఆ 7 ఈఎంఐలు కడతావా?

గోదారిగట్టు: నేనూ ఊరికే రాయడం లేదండీ. ఒక ప్రాజెక్టులో తెలుగు ఒత్తులు కింది వరుస మీద పడుతున్నాయని బగ్ (లోపం గురించి రిపోర్టు) రాసి రెండేళ్లు ఎదురుచూశాను. పరీక్షించి చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరని దాన్ని మూసేశారు. 2018 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. "జ్ఞా" అనే అక్షరం వస్తే ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. మన అక్షరాన్ని ప్రపంచమంతా బాంబు అని పిలిచింది. నాకు ఎంత కష్టమేసిందో చెప్పలేను. బీటాలో తెలుగు టైపు చేసేవాళ్లు తగినంత మంది ఉంటే అది మనదాకా వచ్చేదా?

నైట్‌షిఫ్ట్: మామూలు "జ్ఞానం" టైపు చేస్తే ఏమీ అయ్యేది కాదు. జ్ఞకి, దీర్ఘానికి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ (కంటికి కనిపించని, అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటేనే కూలేది. కాబట్టి మామూలుగా టైపు చేసే బీటా యూజర్లకి అది దొరికేది కాదు.

గోదారిగట్టు: ఆ నాన్ జాయినర్ కొన్ని కీబోర్డులలో దానంతటదే పడుతుందండీ! ఎన్ని రకాల కీబోర్డులు వాడేవాళ్లు ఉంటే అన్ని రకాలుగా దొరుకుతుంది. పైగా ఫిబ్రవరి 19న ఐఫోన్ సిస్టమ్ ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దారు కానీ, అప్పటికే 11.3 బీటాలో ఆ సమస్య లేదు.

నైట్‌షిఫ్ట్: అది ఒప్పుకుంటాను. పార్టిషన్ గోడ కాదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

అచ్చుపని: గోదారిగట్టూ, ఇందాక గట్టిగా అన్నాను, ఏమీ అనుకోకు. తెలుగు కోసం ఎవరో ఒకరు చూడాలంటున్నావు, కాదనను. ఒత్తులు కింది వరుస మీద పడితే ఏమవుతుందో నా కన్నా ఎవరికి తెలుసు? కానీ ఆ ఎవరో ఒకరు, ఒక్కటే లాప్‌టాప్ ఉన్న కుర్రాడే ఎందుకు కావాలి? రెండు మెషీన్లు ఉన్నవాళ్లం మనం. మనం చూడాలి. నా షాపులో పక్కన పడేసిన పాత డెస్క్‌టాప్ ఉంది. ఆదివారం దాంట్లో వేస్తాను, నువ్వు ఫోన్‌లో చెప్పు. బగ్ రాయడం నాకు రాదు.

గోదారిగట్టు: తప్పకుండా మాస్టారూ. టెర్మినల్‌లో ఒక్క కమాండ్, మిగతాది నేను రాస్తాను. ఏ మాటలతో చూద్దాం?

అచ్చుపని: శుభలేఖలో రోజూ వచ్చేవే. చి.ల.సౌ. జ్యోత్స్న, చి. సుబ్రహ్మణ్యేశ్వరరావు, లక్ష్మీనృసింహం, వేంకటకృష్ణ, రాష్ట్ర, స్త్రీ. వరుసల మధ్య ఖాళీ బాగా తగ్గించి రెండు వరుసలు కొట్టాలి. త్స్న కింద ఉన్న ఒత్తు కింది వరుస గుడిని తాకుతుందేమో చూడాలి. తెరమీద బాగున్నా సరిపోదు, పీడీఎఫ్ చేసి అచ్చు తీయాలి.

మొదటి_జీతం: అందరికీ థ్యాంక్స్ అండీ. పార్టిషన్ ఆలోచన మానేశాను, లైవ్ యూఎస్‌బీ వరకే చేస్తాను. బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టాను. బ్యాకప్ డిస్క్ పక్కింటి అన్నయ్య కంప్యూటర్‌కి పెట్టి పెన్షన్ కాగితం ఒకటి తెరిచి చూశాను, తెరుచుకుంది. మాస్టారు చెప్పిన మాటలు నేనూ టైపు చేసి స్క్రీన్‌షాట్లు ఇక్కడ పెడతాను. మాది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు.