రూట్ కెనాల్ అయిన వెనక దవడ పన్నుకి ఏ క్యాప్: మెటలా, మెటల్ సెరామిక్కా, జిర్కోనియానా?

రాయగడ అబ్బాయి:
మా అమ్మకి 62 ఏళ్లు. కింద ఎడమ పక్క పెద్ద దవడ పన్నుకి ఇక్కడ రాయగడలోనే రూట్ కెనాల్ అయింది. క్యాప్ దగ్గర ఆగిపోయాం. చేసిన డాక్టరు గారు మెటల్ సెరామిక్ (లోపల లోహం, పైన పింగాణీ) చాలన్నారు. విజయనగరంలో మా బావ తీసుకెళ్లిన క్లినిక్‌లో జిర్కోనియా (లోహం కనిపించని, తెల్లటి గట్టి సెరామిక్) తప్ప ఇంకోటి వద్దన్నారు, 15 ఏళ్ల వారంటీ కార్డు కూడా ఇస్తారట. బరంపురంలో తెలిసిన ఒక పెద్ద డాక్టరు నోరంతా చూసి "ఉత్త మెటల్ క్యాప్ వేయించండి, మీ అమ్మగారికి అదే మంచిది" అన్నారు. ముగ్గురివీ మూడు మాటలు. డబ్బులో తేడా బాగానే ఉంది, అయినా పెట్టగలం. అమ్మకి పొద్దున్నే పళ్లకి గుడాకు రుద్దుకోవడం, మధ్యాహ్నం నుంచి వక్క అలవాటు. పళ్లన్నీ అరిగిపోయి ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

కోరాపుట్ కోడలు:
తమ్ముడూ, పెట్టగలిగినప్పుడు ఆలోచన ఎందుకు? జిర్కోనియా వేయించెయ్యి. మా అత్తగారికి మెటల్ సెరామిక్ వేయించాం. కొన్నేళ్లకి చిగురు కిందికి జారి, క్యాప్ అంచు వెంబడి నల్ల గీత కనిపించడం మొదలైంది. తర్వాత బాదంగింజ కొరికితే పైన తెల్లది పెచ్చు ఊడి లోపలి లోహం బయటపడింది. నాలుక ఒరుసుకుని పుండు. ఇక ఉత్త మెటల్ అంటావా, పెద్దావిడ నవ్వితే ఇనప పన్ను కనిపించాలా? నలుగురిలో కూర్చునే మనిషికి అది బాధ కాదా?

గుణుపూర్ షాపు:
నాదొక అడ్డు ప్రశ్న. అసలు క్యాప్ ఎందుకు? నాకు ముందు పన్నుకి రూట్ కెనాల్ చేసి ఫిల్లింగ్‌తో వదిలేశారు, ఇప్పటికీ బాగానే ఉంది.

కటక్ హాస్టల్:
నేను కటక్‌లో డెంటల్ చదువుతున్నాను. షాపు గారూ, ముందు పన్ను వేరు, దవడ పన్ను వేరు. చిన్న రంధ్రంతో పని జరిగిన ముందు పన్నుకి చాలాసార్లు ఫిల్లింగ్ సరిపోతుంది. నమిలే పన్ను అలా కాదు. పుచ్చు పోగా, రూట్ కెనాల్‌కి దారి చేయగా మధ్యలో గుల్లవుతుంది, చుట్టూ గోడలే మిగులుతాయి. వక్క పడితే ఆ గోడ నిలువునా చీలవచ్చు. చీలిక వేరు దాకా వెళ్తే పన్ను తీసేయడమే. అందుకని రాయగడ అన్నయ్యా, ఏ క్యాప్ అనే చర్చలో నెలలు గడపొద్దు, తాత్కాలిక ఫిల్లింగ్ మీద అంతకాలం ఉండకూడదు.

ఇంకోటి అడగండి: చిగురు పైన చుట్టూతా సొంత పన్ను ఎంత మిగిలింది అని. దాదాపు 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను చుట్టూ ఉంటే క్యాప్ నిలబడుతుంది. లేకపోతే ఎంత ఖరీదైనది వేసినా పట్టు ఉండదు.

బరంపురం ల్యాబ్:
నేను డాక్టర్ని కాను. డెంటల్ ల్యాబ్‌లో క్యాపులు చేయడం నా పని. రాయగడ బాబూ, మీరు రాసినదాంట్లో అసలు ముక్క చివర్లో ఉంది: పళ్లు అరిగిపోయాయి అని. ఏ క్యాప్ వేయాలనేది తేలేది అక్కడే. వారంటీ కార్డు మీద కాదు.

అచ్చు మా దగ్గరికి వచ్చాక కింది పళ్ల మోడల్, పై పళ్ల మోడల్ ఒకదానికొకటి కలిపి వెలుతురుకి ఎత్తి చూస్తాం. డాక్టరు చెక్కిన పన్నుకీ పై పన్నుకీ మధ్య సందు ఎంతుందో అప్పుడు కంటికి కనిపిస్తుంది. మెటల్ సెరామిక్‌లో లోపల లోహం, లోహం రంగు కనిపించకుండా ఒక తెల్ల పూత, ఆ పైన పింగాణీ. ఇవన్నీ పట్టాలంటే నమిలే వైపు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల చోటు కావాలి. పింగాణీ పొర లేని జిర్కోనియాకి 1 నుంచి 1.5 చాలు. ఉత్త మెటల్‌కి సుమారు 1, పన్ను పైన నమిలే ఒత్తిడి ఎక్కువ పడే గుబ్బ మీద 1.5.

ఇప్పుడు మీ అమ్మగారి పన్ను చూడండి. అరిగి అరిగి ముందే పొట్టిగా ఉంది. దానిమీద ఇంకో 2 మిల్లీమీటర్లు చెక్కితే క్యాప్ పట్టుకోవడానికి మిగిలేది తక్కువ, కొన్నాళ్లకి క్యాప్ ఊడి చేతికొస్తుంది. చెక్కకుండా మెటల్ సెరామిక్ చేయమంటే మేం పింగాణీ పల్చగా వేయాలి. అది సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటుంది, గట్టిగా కొరికితే పెచ్చు లేస్తుంది. కోరాపుట్ అక్క చెప్పినట్టు పెచ్చులూడి మా బల్ల మీదికి తిరిగొచ్చేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. తప్పు మెటల్ సెరామిక్‌ది కాదు, చోటు లేనిచోట వేయడం. చోటున్న నోట్లో అదే క్యాప్ 10, 15 ఏళ్లు నడుస్తుంది.

అందుకే బరంపురం డాక్టరు మాట నాకు సబబుగా ఉంది. తక్కువ చెక్కుడు, పెచ్చు లేచే సమస్య లేదు, పై పన్నుని పెద్దగా అరగదీయదు. తర్వాత ఎప్పుడైనా మళ్లీ రూట్ కెనాల్ తెరవాల్సి వస్తే క్యాప్‌కి రంధ్రం చేసి పని చూసుకుని పూడ్చుకోవచ్చు.

పర్లాకిమిడి మాస్టారు:
ల్యాబ్ వారి లెక్క అర్థమైంది. నా అభ్యంతరం వేరే. మా వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లకి "మీకు మెటల్ చాలు" అని ముందే తేల్చేస్తున్నారు. మంచి చొక్కా వేసుకుని వచ్చినవాళ్లకి జిర్కోనియా గురించి అరగంట చెబుతారు. నోట్లో చోటు కొలిచి చెప్పారా, మనిషిని చూసి చెప్పారా? ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది. పైగా మెటల్ అంటే ఎక్కువగా నికెల్ కలిసినదే. రోల్డ్‌గోల్డ్ దిద్దులు పెట్టుకుంటే చెవులు దురద పెట్టి రసి కారే ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు? రేపు ఎమ్మారై తీయాల్సి వస్తే ఆ మెటల్ సంగతేంటి?

బరంపురం ల్యాబ్:
మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. మనిషిని చూసి క్యాప్ రాసేవాళ్లు ఉన్నారు, రెండు వైపులా. అవసరం లేని జిర్కోనియా అంటగట్టడమూ అంతే తప్పు. కానీ మెటల్ పేదవాళ్ల సరుకు అనే మాట ఒప్పుకోను. దవడ పన్నుకి ఒకప్పుడు అన్నిటికంటే గొప్ప క్యాప్ బంగారందే, అదీ లోహమే. రంగూన్ వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు బంగారు పన్ను దాచుకునేవారా? ఈ రోజు బంగారం ధరకి ఎవరూ అడగడం లేదు, అంతే.

నికెల్ గురించి మీరు చెప్పింది నిజం. దిద్దులు, వాచీ గొలుసు పడనివాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి. నికెల్ లేని కోబాల్ట్ క్రోమియం అనే లోహం ఉంటుంది, లేదా జిర్కోనియా. ఎమ్మారైకి మామూలుగా క్యాప్ పీకాల్సిన పని ఉండదు. నోటి చుట్టుపక్కల బొమ్మ చెదురుతుంది, కాబట్టి స్కానింగ్ వాళ్లకి చెప్పాలి.

కటక్ హాస్టల్:
జిర్కోనియా వైపు నుంచి నేనొక మాట చెప్పాలి. పెచ్చు లేచేది పైన పింగాణీ పొర వేసిన జిర్కోనియాలో. ఒకే దిమ్మ నుంచి కోసి తీసిన దానికి ఆ బెంగ లేదు. అందులోనూ రకాలున్నాయి. గట్టి రకం 900 నుంచి 1200 మెగాపాస్కల్స్ (ఒత్తిడి తట్టుకునే బలానికి కొలత) దాకా తట్టుకుంటుంది. అందం కోసం సొంత పన్నులా వెలుతురు చొరబడేలా చేసిన రకంలో ఆ బలం చాలా తగ్గుతుంది. ముందు పళ్లకి వేసే లిథియం డైసిలికేట్ అనే గాజులాంటి సెరామిక్ 400 దరిదాపుల్లో ఉంటుంది. ముందు పళ్లకి చూడముచ్చటగా ఉంటుంది కానీ వక్క నమిలే చివరి దవడకి నేనైతే అడగను. కాబట్టి విజయనగరంలో జిర్కోనియా అంటే "ఏ రకం, పొర ఉందా లేదా" అని అడగండి అన్నయ్యా. క్లినిక్‌లో అమర్చేటప్పుడు ఎత్తు ఎక్కువై అరగదీస్తే మళ్లీ నున్నగా పాలిష్ చేయాలి. గరుకుగా వదిలేస్తే పై పన్ను అరిగిపోతుంది.

వారంటీ గురించి కూడా. ఆ కార్డు క్యాప్‌కే. లోపలి పన్ను పుచ్చితే అది పనికిరాదు. క్యాపులు పాడయ్యే కారణాల్లో పెద్దది అంచు దగ్గర కొత్త పుచ్చే. గుడాకు అంటే పొగాకే, చిగుళ్లకి అది మంచిది కాదు. చిగురు జారితే క్యాప్ అంచు కింద వేరు బయటపడుతుంది, పుచ్చు అక్కడే మొదలవుతుంది. ఏ లోహమూ ఏ జిర్కోనియా దాన్ని ఆపలేదు. నోట్లో తెల్ల మచ్చగానీ మానని పుండుగానీ ఉంటే క్యాప్ కంటే ముందు అది చూపించండి.

కోరాపుట్ కోడలు:
సరే, చోటు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. కనిపించే సంగతి మాత్రం వదలను. పెద్దవాళ్లకి ఏదైతే ఏంటిలే అనుకోకండి.

బరంపురం ల్యాబ్:
వదలొద్దక్కా. కింద చివరి దవడ పన్ను నవ్వినప్పుడు చాలామందికి కనిపించదు, ఆవలిస్తే కనిపిస్తుంది. అద్దం ముందు అమ్మగారినే నవ్వమని చూడండి. కనిపించి ఆవిడకి ఇష్టం లేకపోతే పొర లేని జిర్కోనియా వేయించండి, 1 మిల్లీమీటరు దాటి చోటుంటే తప్పేం లేదు.

రాయగడ అబ్బాయి:
అందరికీ దండాలు. నిన్న మళ్లీ చూపించాను. చోటు మిల్లీమీటరు పైచిలుకే ఉందట. మెటల్ సెరామిక్ అన్న డాక్టరు గారే ఇప్పుడు అది వద్దన్నారు. అమ్మకి రోల్డ్‌గోల్డ్ పడదు, అది నేను ముందు రాయలేదు. కాబట్టి కోబాల్ట్ క్రోమియం లేదా పొర లేని జిర్కోనియా. రెండింటి ధరా రాసిమ్మన్నాను. అచ్చు గురువారం తీస్తారు.

బరంపురం ల్యాబ్:
మంచిది. బిగించే రోజు నీలం కాగితం పెట్టి కొరికిస్తారు. ఎత్తుగా తగిలితే అమ్మగారు మొహమాటపడకుండా అక్కడే చెప్పాలి. శాశ్వత సిమెంటు పెట్టాక సరిచేయడం కష్టం.