అరవై దాటిన హీరో పగ తీర్చుకుంటే మనం నమ్మాలా?

పెన్నా_గట్టు (అనంతపురం):
రాత్రి మళ్లీ ‘జైలర్’ చూశాను. 2023లో అది వచ్చేటప్పటికి రజనీకాంత్‌కు 72. ఆ వయసు మనిషి ముఠాలకు ముఠాలను తుడిచిపెట్టడం నాకు ఎక్కలేదు. ముసలి హీరో పగ సినిమాలు ఇక చాలు. మీరేమంటారు?

మాస్_కర్నూలు:
సరిగా చూడన్నా. అందులో ఆయన ఎక్కడ ఎగిరి తన్నాడు? కూర్చుని సైగ చేస్తే ఎక్కడినుంచో తూటా వచ్చింది. వయసును దాచలేదు, వాడుకున్నారు. 1996లో ‘భారతీయుడు’ నాటికి కమల్ హాసన్‌కు 41. మేకప్పేసి తాతను చేస్తే, వేళ్లతో నరం పట్టి పడగొడితే ఈలలేశాం. పడుచోడు ముసలోడి వేషం వేస్తే నటన, నిజం ముసలోడు వేస్తే నామోషీనా?

ఏడురోడ్ల_టీ (కడప):
మోకాళ్ల సంగతి ఎవరూ అడగరేం 😄

పెన్నా_గట్టు:
అదే నేనడిగేది. హాలీవుడ్ ‘టేకెన్ 3’లో లియామ్ నీసన్ ఒక్క కంచె దూకడానికి ఎడిటింగ్‌లో డజనుకు పైగా షాట్లు అతికించారు. కాలు ఒక షాట్, చెయ్యి ఒక షాట్. మనిషి దూకింది మాత్రం కనపడదు.

మాస్_కర్నూలు:
మళ్లీ వయసే! 1974లో ‘డెత్ విష్’ చేసినప్పుడు చార్లెస్ బ్రాన్సన్‌కు 52. అమెరికాలో జనం హాల్లో చప్పట్లు కొట్టారు. మోకాళ్లు చూసి కాదు. అప్పుడు న్యూయార్కులో రాత్రిపూట బయటికి పోవాలంటే భయం. అందులో భార్యను చంపినవాళ్లు ఆయనకు చివరిదాకా దొరకరు కూడా.

కడప_వెన్నెల:
ఆగండి. వాళ్లు దొరక్కపోతే మరి చంపింది ఎవరిని?

మాస్_కర్నూలు:
దారికాచే దొంగల్ని. మీకేమైనా అభ్యంతరమా అక్కా? మా పొలం గట్టు కేసు వాయిదాల మీద వాయిదాలు పడి మా నాయన పోయాడు, కేసు పోలేదు. ఎదుటోడు ఈరోజుకీ మా బోరు నీళ్లే పారిచ్చుకుంటున్నాడు. రెండున్నర గంటలు ఎవడో ఒకడు తన్నులు తింటుంటే చూడనీండి.

ఏడురోడ్ల_టీ:
పాయింటే.

కడప_వెన్నెల:
ఏం పాయింటు? మా తాతను చంపారని మా చిన్నాయన కత్తి పట్టాడు. ఆయన జైల్లో, పొలం బీడు. మా అవ్వ సద్ది కట్టుకొని ములాఖత్‌కు బస్సెక్కేది. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక హాస్టల్లో నన్ను ‘మీ ఇంట్లో బాంబులు ఏ గదిలో పెడతారు’ అని అడిగేవాళ్లు. మీ హీరో పగ క్లైమాక్స్‌తో అయిపోతుంది. మాకు అవతలోడి కొడుకు పెద్దోడవుతుంటే టెన్షన్.

మాస్_కర్నూలు:
నేను సినిమా గురించి మాట్లాడుతున్నా. మీ ఇంటి గురించి కాదు.

కడప_వెన్నెల:
మీ బోరు సినిమాలోదా?

పెన్నా_గట్టు:
ఇద్దరూ కాస్త ఆగండి. 2008లో ‘గ్రాన్ టొరినో’ నాటికి ఈస్ట్‌వుడ్‌కు 78. చివర్లో ఉత్తచేతులతో ముఠా ముందు నిలబడి కాల్పించుకుంటాడు. చూసినవాళ్లు సాక్ష్యం చెప్తారు, ముఠా లోపలికి పోతుంది. ఆ వయసుకు తగిన పగ అది. మనోళ్లకు అలా రాయాలని ఎందుకు తోచదు?

మాస్_కర్నూలు:
రాస్తే నవ్వుతారు కాబట్టి. మన దగ్గర రెండో వాయిదాకే సాక్షులు అడ్డం తిరుగుతారు.

కడప_వెన్నెల:
అట్లా తిరిగినోళ్లలో మా మేనమామ ఒకడు. ముందురోజు రాత్రి ఇద్దరొచ్చి, మంచినీళ్లు తాగి, పిల్లోడిని బడి దగ్గర ఎన్ని గంటలకు వదులుతారని అడిగి పోయారు. అంతే.

మాస్_కర్నూలు:
సరే అక్కా. ఆ ఇద్దరినీ ఏం చెయ్యాలో మీరే చెప్పండి.