దావత్ తిన్న ఊళ్లో విరేచనాలు: సాల్మొనెల్లా ఏ వంటకంలోంచి వచ్చిందో తేల్చడం ఎలా?

ప్రశ్న (పల్లె దవాఖానలో పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్త)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంట్లో ఒడిబియ్యం దావత్ జరిగింది. సోమవారం తెల్లవారుజాము నుంచి జ్వరం, కడుపునొప్పి, విరేచనాలతో జనం రావడం మొదలై, మంగళవారం సాయంత్రానికి నా రిజిస్టరులో నలభైకి పైగా పేర్లు చేరాయి. ఇది ఆహారం ద్వారా సోకే సాల్మొనెల్లా అనే క్రిమి పని కావచ్చని పీహెచ్‌సీ డాక్టరు గారు అనుమానిస్తున్నారు. జబ్బుపడినవాళ్లలో దాదాపు అందరూ కోడి కూర తిన్నారు కాబట్టి తప్పు కూరదేనని ఊరంతా తీర్మానించుకుంది. అయితే మాంసం ముట్టని ఇద్దరు పెద్దమ్మలు కూడా అవే లక్షణాలతో వచ్చి సెలైన్ ఎక్కించుకొని వెళ్లారు. ఆ రోజు వండిన పదార్థాల్లో ఏదీ మిగల్లేదు. కొందరు మెడికల్ షాపులో మాత్రలు కొని అప్పటికే మింగేశారు, ఇంకొందరు విడాల్ పరీక్ష చేయించమని పట్టుబడుతున్నారు. ఇప్పుడు నేను ఎవరిని ఏమి అడగాలి, ఏ నమూనాలు పంపాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు (జిల్లా వ్యాధి నిఘా విభాగంలో పనిచేసి విరమణ పొందినవారు)

అమ్మా, ఆ ఇద్దరు పెద్దమ్మల సంగతి మీరు గమనించడమే ఈ వ్యవహారంలో అన్నిటికంటే విలువైన విషయం. వారి పేర్ల పక్కన గుర్తు పెట్టుకోండి.

ముందుగా జిల్లా నిఘా అధికారికి ఈ రోజే కబురు చేయండి. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం ఇలాంటి సందర్భం కోసమే ఉంది. మామూలుగా పంపే నివేదికలో చూపిద్దామని ఆగకండి.

తరువాత సమయం చూడండి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల లోపే ఎక్కువమందికి వాంతులు ముంచుకొస్తే, ఆహారంలో ముందే తయారై ఉన్న స్టెఫైలోకాకస్ అనే క్రిమి విషాన్ని గానీ, వండి గంటల తరబడి ఉంచిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమిని గానీ అనుమానించాలి. సాల్మొనెల్లా అయితే కడుపులోకి చేరి, పేగు గోడను పట్టుకొని, పెరగడానికి వ్యవధి తీసుకుంటుంది. ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపు, చాలామందిలో పన్నెండు నుంచి ముప్పై ఆరు గంటల మధ్య, జ్వరంతో కూడిన విరేచనాలుగా బయటపడుతుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి సోమవారం తెల్లవారుజామున మొదలైందంటే మీ డాక్టరు గారి అనుమానం సబబుగానే ఉంది. ఎవరికి ఏ గంటకు మొదలైందో రాసుకొని, గంటల వారీగా ఒక గీతల కాగితం మీద ఒక్కొక్క రోగికి ఒక్కొక్క గడి నింపండి. గడులన్నీ ఒకే గుట్టగా పేరుకుంటే అందరికీ ఒకే పూట, ఒకే చోట అంటుకుందని అర్థం. గుట్ట తగ్గాక మళ్లీ కొత్త గడులు చేరుతుంటే, ఇళ్లలో ఒకరి నుంచి మరొకరికి పాకుతోందని గాని, కలుషిత పదార్థం ఇంకా ఎక్కడో మిగిలి ఉందని గాని జాగ్రత్తపడాలి.

ఇక అసలు పని. జబ్బుపడినవాళ్లను మాత్రమే అడిగితే ఎప్పటికీ తేలదు. దావత్‌కు వచ్చి ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నవాళ్లను కూడా అవే ప్రశ్నలు అడగాలి. లెక్క తెలియడానికి ఊహాసంఖ్యలు తీసుకుంటాను. 120 మందిని అడిగితే 48 మంది జబ్బుపడ్డారనుకుందాం. కోడి కూర తిన్నవాళ్లు 100 మంది, వాళ్లలో జబ్బుపడినవాళ్లు 40 మంది. తిననివాళ్లు 20 మంది, వాళ్లలో జబ్బుపడినవాళ్లు 8 మంది. రోగుల్లో నూటికి 83 మంది కూర తిన్నవాళ్లే కాబట్టి ఊరి మాట నిజమే అనిపిస్తుంది. కానీ తిన్నవాళ్లలోనూ నూటికి 40, తిననివాళ్లలోనూ నూటికి 40. అంటే కూర తిన్నా తినకపోయినా ఫలితం ఒక్కటే. అదే పట్టికలో పెరుగు చట్నీ వరుస చూస్తే, వేసుకున్న 60 మందిలో 42 మంది, వేసుకోని 60 మందిలో 6 మంది జబ్బుపడ్డారనుకోండి. నూటికి 70 ఒకవైపు, నూటికి 10 మరోవైపు. ఏడు రెట్ల తేడా. అప్పుడు చూపు చట్నీ మీదికి మళ్లాలి. వేసుకోకుండానే జబ్బుపడిన ఆ ఆరుగురు మనల్ని తికమక పెట్టకూడదు. కొందరికి ఏమి తిన్నారో గుర్తుండదు, ఒకే గరిటె రెండు గిన్నెల్లో తిరిగి ఉండవచ్చు.

అడిగేటప్పుడు వంటకం పేరుతో ఆగకుండా అందులో ఏమేమి పడ్డాయో, వాటిని ఎక్కడ, దేనితో, ఎవరు కోశారో కూడా అడగండి. పచ్చి కోడిని కోసిన పీట మీదే కడగకుండా ఉల్లిగడ్డ, కీర తరిగితే, కూరలోని క్రిమి పొయ్యి మీద చచ్చిపోతుంది, చట్నీలోకి చేరినది బతికే ఉంటుంది. అప్పుడు కోడి మీద ఊరికి కలిగిన అనుమానం సగం నిజమవుతుంది, సగం తప్పవుతుంది.

జవాబు (మైక్రోబయాలజీ ప్రయోగశాలలో పనిచేస్తున్నవారు)

పై పెద్దలు చెప్పినదానికి నమూనాల సంగతి కలుపుతాను.

విడాల్ పరీక్షకు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టించకండి. అది టైఫాయిడ్ జ్వరానికి సంబంధించిన ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష. టైఫాయిడ్ కూడా సాల్మొనెల్లా జాతిదే అయినా, అది బయటపడడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మీ ఊళ్లో జరిగింది వేరు. మీకు కావలసింది మల కల్చర్, అంటే మలంలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి గుర్తించే పరీక్ష.

ఇంకా యాంటీబయాటిక్ మొదలుపెట్టని, జబ్బు కొత్తగా మొదలైన ఐదారుగురిని ఎంచుకోండి. మలాన్ని గానీ స్వాబ్‌ను గానీ కేరీ బ్లెయిర్ మాధ్యమం ఉన్న గొట్టంలో వేసి, పేరు, వయసు, తేదీ, జబ్బు మొదలైన గంట రాసి, చల్లని పెట్టెలో పంపండి. ఆ మాధ్యమం క్రిములకు తిండి పెట్టదు, దారిలో చావకుండా కాపాడుతుంది. మా దగ్గర క్రిములను పెంచే ఎక్స్‌ఎల్‌డీ అనే పళ్లెం మీద సాల్మొనెల్లా ఎర్రటి చుక్కల్లా పెరుగుతుంది, ఒక్కొక్క చుక్క మధ్యలో కాటుక బొట్టు పెట్టినట్టు నల్లగా ఉంటుంది. ఆ నలుపు చూసి మేము వెంటనే పేరు రాయం. జీవరసాయన పరీక్షలు, ఆపై సీరం పరీక్షలు జరిగి ఖాయమయ్యేసరికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి ఫలితం వచ్చేదాకా విచారణ ఆపకండి.

సాల్మొనెల్లాలో 2,500కు పైగా సీరోరకాలు, అంటే సీరం పరీక్షతో విడదీసే ఉపరకాలు, ఉన్నాయి. మన దేశంలో రకం ఖాయం చేయడానికి కసౌలిలోని జాతీయ సాల్మొనెల్లా, ఎషెరిషియా కేంద్రం ఉంది. రకం తెలిస్తే దిక్కు తెలుస్తుంది. ఎంటెరిటిడిస్ అనే రకం వస్తే కోడిగుడ్ల గురించి తప్పక ఆరా తీస్తాము, ఎందుకంటే అది పెంకు పగలని గుడ్డు లోపల కూడా ఉండగలదు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. ఈ క్రిమి తీరు తెలిసినవాళ్లకు అందులో వింత కనిపించలేదు.

ఇంకొక మాట. మామూలు సాల్మొనెల్లా విరేచనాలకు ఎక్కువమందికి ఓఆర్‌ఎస్, విశ్రాంతి చాలు. పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల విషయంలో మాత్రం నిర్ణయం డాక్టరుదే. అందరికీ మాత్రలు పంచితే జబ్బు త్వరగా పోదు సరికదా, మలంలో క్రిమి మరిన్ని రోజులు కొనసాగే ప్రమాదం ఉంది, కల్చర్ కూడా చెడిపోతుంది.

మళ్లీ ప్రశ్న (ఆరోగ్య కార్యకర్త)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను, ఆశా అక్కలు కలిసి ఇల్లిల్లూ తిరుగుతున్నాము. ఒక సందేహం. ఇంత పకడ్బందీగా లెక్క వేసినా పొరపాటు పడే అవకాశం ఉందా? ఊళ్లో ఒక పేరు బయటికి చెప్పాక వెనక్కి తీసుకోలేము కదా.

జవాబు (విరమణ పొందిన నిఘా అధికారి)

ఉంది. మనకంటే ఎన్నో రెట్లు వనరులున్న అమెరికాలోనే జరిగింది. అక్కడ 1996లో పల్స్‌నెట్ అనే ప్రయోగశాలల వ్యవస్థను ఏర్పరచారు. వేర్వేరు రాష్ట్రాల్లోని రోగుల నుంచి తీసిన క్రిముల డీఎన్‌ఏ గుర్తులను పోల్చి, ఒకరికొకరు తెలియని రోగులను ఒకే మూలంతో ముడిపెట్టడం దాని పని. 2008లో సెయింట్‌పాల్ అనే అరుదైన సీరోరకం న్యూ మెక్సికో, టెక్సాస్‌లలో ఒక్కసారిగా కనిపించినప్పుడు, రోగులను, ఆరోగ్యవంతులను పోల్చి చూస్తే పచ్చి టమాటా తేలింది. జూన్ మొదటి వారంలో హెచ్చరిక వెలువడింది, హోటళ్లు టమాటా వడ్డించడం మానేశాయి, రైతులు కోత కోయలేక నష్టపోయారు. కేసులు మాత్రం ఆగలేదు.

రోగులు తిన్న సల్సా పచ్చడిలో టమాటాతో పాటు జలపెన్యో మిరపకాయ కూడా ఉంటుంది. ఏమి తిన్నారని అడిగితే జనం టమాటా పేరే చెప్పారు, సన్నగా తరిగి కలిపిన మిరపకాయ ఎవరి మనసుకూ రాలేదు. మిన్నెసోటాలో ఒకే హోటల్లో తిని జబ్బుపడినవాళ్ల విషయంలో విచారణాధికారులు వంటకాల పేర్లతో సరిపెట్టుకోక, ఒక్కొక్క వంటకంలో పడే దినుసులన్నీ హోటల్ వాళ్లను అడిగి విడదీసి లెక్క వేస్తే మిరపకాయ బయటపడింది. జులైలో టెక్సాస్‌లోని మెకాలెన్‌లో ఒక సరఫరాదారు దగ్గరి జలపెన్యోలో అదే రకం క్రిమి దొరికింది. ఆపైన మెక్సికోలోని ఒక పొలంలో సెరానో మిరపకాయల్లోనూ, సాగునీటిలోనూ దొరికింది. చివరికి నిర్ధారిత రోగుల సంఖ్య 1,400 దాటింది.

నేను దినుసుల గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. మన ఇళ్లలోనూ కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మకాయ తిన్నామని ఎవరూ చెప్పరు. ఇప్పుడు పల్స్‌నెట్ 2019 నుంచి మొత్తం జన్యుక్రమాన్నే, అంటే దాదాపు 48 లక్షల డీఎన్‌ఏ అక్షరాలను చదివి పోలుస్తోంది. 2022లో బెల్జియంలోని ఆర్లాన్ ఊళ్లో ఉన్న చాక్లెట్ కర్మాగారం నుంచి అనేక దేశాల పిల్లలకు అంటుకున్న సాల్మొనెల్లాను అలాంటి పోలికతోనే కలిపి చూశారు. జన్యుక్రమం ఎవరెవరికి ఒకే క్రిమి సోకిందో చెబుతుంది. వాళ్లంతా ఏమి తిన్నారో చెప్పవలసింది మాత్రం మీ చేతిలోని పట్టికే.

అందుకే మీ పట్టికలోనూ చట్నీయే తేలితే, ముందు మీ నివేదికలో ‘పెరుగు చట్నీతో సంబంధం బలంగా కనిపిస్తోంది’ అనే రాయండి. ‘చట్నీ వల్లనే’ అని రాయకండి. రోగుల్లో సాల్మొనెల్లా దొరికి, లెక్క చట్నీని చూపి, పీట సంగతి కూడా వంటవాళ్లు ఒప్పుకుంటే, అప్పుడు మూడూ ఒకదానికొకటి బలమవుతాయి.

మళ్లీ ప్రశ్న (ఆరోగ్య కార్యకర్త, ఆరు రోజుల తరువాత)

ఐదు నమూనాల్లో నాలుగింటిలో సాల్మొనెల్లా వచ్చింది. పట్టికలో చట్నీయే ముందుంది. మాంసం ముట్టని పెద్దమ్మలు ఇద్దరూ చట్నీ వేసుకున్నారు. ఆ నాలుగింటిలో ఒకటి వంట చేసినామెది. ఆ మాట ఎలాగో బయటికి పొక్కి, ఆమె వల్లనే ఊరికి జబ్బు వచ్చిందని, ఇకపై ఎవరూ ఆమెను వంటకు పిలవకూడదని అంటున్నారు. ఆమె నా ముందు కూర్చొని ఏడ్చింది. ఏమి చెప్పను?

జవాబు (విరమణ పొందిన నిఘా అధికారి)

ఆమె కూడా ఆ భోజనమే తిన్నది కదమ్మా. మలంలో క్రిమి ఉన్నంతమాత్రాన ఆమె మూలమని తేలదు, మిగతా ముగ్గురిలాగే ఆమె కూడా బాధితురాలు అయి ఉండవచ్చు. ఆమెకు జబ్బు దావత్‌కు ముందే మొదలైందా, తరువాతా అన్నది చూడండి. సోమవారమే మొదలైతే, ఆమె గడి కూడా అందరి గుట్టలోనే పడుతుంది. విరేచనాలు పూర్తిగా తగ్గి కనీసం రెండు రోజులు గడిచేదాకా వంటకు వెళ్లవద్దని, ఆ తరువాత కొన్ని వారాలపాటు మలంలో క్రిమి ఉండవచ్చు కాబట్టి సబ్బుతో చేతులు కడగడంలో ఏమరుపాటు కూడదని, పచ్చి మాంసానికి వేరే పీట పెట్టుకోమని నెమ్మదిగా చెప్పండి. నివేదిక నకలులో పేర్లు కొట్టివేసి, గంటల వారీ గడుల కాగితాన్ని మాత్రం సర్పంచి గారికి చూపించండి. ఏ గడి ఎవరిదో ఆయనకు తెలియనవసరం లేదు.