డిసీస్డా? డిసీజ్డా?

కావలిలో తెలిసినవాళ్ల ఇంట్లో ఈమధ్య ఒక అఫిడవిట్ చూశాను. తండ్రి పోయాక పొలం పిల్లల పేరు మీదికి మార్చుకోవడానికి ఇంగ్లీషులో టైపు చేయించిన కాగితం. ఆయన పేరు వచ్చిన ప్రతిచోటా ముందు ‘డిసీజ్డ్’ అని కొట్టారు. అంటే జబ్బుపడిన మనిషి అని. ఉండాల్సింది ‘డిసీస్డ్’, అంటే చనిపోయిన అని. “మా నాయన ఒక్కరోజన్నా మంచాన పడలేదు, రోగిష్టి అని రాశారే” అని పెద్దకూతురు చాలా బాధపడింది. ఆమె బాధ న్యాయమైందే.

ఈ తికమకకి సగం కారణం మన పలుకుబడి. జబ్బుని మనం ‘డిసీజ్’ అంటాం. ఇంగ్లీషువాళ్లు రెండుచోట్లా జకారంలాంటి ధ్వనితో ‘డిజీజ్’ అంటారు. చనిపోయిన మనిషిని చెప్పేటప్పుడు మాత్రం రెండుచోట్లా సకారమే, చివర ‘ట్’ పలుకుతుంది: ‘డిసీస్ట్’. అలా పలికితే రెండూ కలిసిపోవు. స్పెల్లింగులో తేడా మొదట్లోనే ఉంది. చావుకి డి, ఇ, సి. జబ్బుకి డి, ఐ, ఎస్. ఆ తర్వాత ఐదు అక్షరాలూ రెండింటికీ ఒకటే.

పుట్టుక చూస్తే మాత్రం రెండింటికీ ఏ సంబంధమూ లేదు. జబ్బు మాటలో ఉన్నది నిజంగా ‘ఈజ్’, అంటే సుఖం. పాత ఫ్రెంచిలో సుఖం లేకపోవడమే ఆ మాటకి అర్థం. మన ‘అస్వస్థత’ కూడా అలా కట్టిన మాటే కదా! రెండోది లాటిన్‌లో వెళ్లిపోవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మనమూ చచ్చాడు అనలేక ‘పోయాడు’ అంటాం, ‘దివంగతులు’ అని రాస్తాం. ఎక్కడివాళ్లకైనా ఆ మాట నేరుగా అనడానికి నోరు రాదేమో.

ఇంకో సంగతి. ‘డిసీస్డ్’ మామూలుగా మనుషులకే వాడతారు. రొయ్యల గుంటలో వైట్ స్పాట్ జబ్బు తగిలితే ఆ రొయ్యలు ‘డిసీజ్డ్’. అవే చచ్చి గట్టుకి కొట్టుకొస్తే ‘డెడ్’ అనాలి, ‘డిసీస్డ్’ అనకూడదు.

ఆస్తి కాగితాల్లో అసలు జాగ్రత్త పడాల్సిన మాట ‘ప్రీడిసీస్డ్’, అంటే ముందే చనిపోయిన అని. 1956 హిందూ వారసత్వ చట్టంలో మొదటి తరగతి వారసుల పట్టికలో ఇది చాలాసార్లు వస్తుంది. తండ్రి కంటే ముందే కొడుకు చనిపోతే, ఆ కొడుకు పిల్లలకి తాత ఆస్తిలో వాటా వచ్చేది ఆ లెక్కనే. అక్కడ జబ్బు మాట పడితే వాక్యానికి అర్థమే ఉండదు. టైపు చేసేవాళ్లు హడావిడిలో ఉంటారు, కంప్యూటర్‌కి రెండూ సరైన స్పెల్లింగులే కాబట్టి ఎర్రగీత కూడా రాదు. సంతకం పెట్టేముందు ఆ మాట వచ్చిన ప్రతిచోటా వేలు పెట్టి చదివించుకోండి.