లిటిల్ మోర్టన్ హాల్ వంగినా ఎందుకు కూలలేదు? మన టేకు స్తంభాల మొదళ్లు ఎందుకు పుచ్చుతున్నాయి?

ప్రశ్న (సిరోంచ నుంచి):
ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని లిటిల్ మోర్టన్ హాల్ ఫొటోల్లో అంతస్తులు అలల్లా వంగి ఉంటాయి. పెద్ద హాలు 1504–08 నాటిది. ఇంతకాలం ఎలా నిలిచింది? మా వైపు పాత ఇళ్ల మట్టిగోడలకు సిమెంటు పూత వేశాక టేకు స్తంభాల మొదళ్లు పుచ్చిపోతున్నాయి. అక్కడి పద్ధతి ఇక్కడ పనికొస్తుందా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
వంపు బరువు వల్ల వచ్చిందండీ. పైకప్పుకు వాడినవి గరుకు ఇసుకరాతి పలకలు. దానికి తోడు సుమారు 68 అడుగుల పొడవు గ్యాలరీని మొదటి ఆలోచనలో లేకుండా పైన కట్టారు. చట్రం కుంగింది, కానీ అతుకులు వదల్లేదు. ఓక్ చట్రాల్లో ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి రెండోదాని బెజ్జంలో దూరుస్తారు. చీల కోసం పెట్టే రంధ్రాన్ని నాలుకలో రెండు మూడు మిల్లీమీటర్లు భుజం (నాలుక మొదలయ్యే మెట్టు) వైపుకు జరుపుతారు. ఓక్ చీల దిగుతూ నాలుకను లోపలికి లాగేస్తుంది. రంధ్రం దానికి ఎదురుగా, నాలుక కొస వైపుకు జరిగితే మాత్రం అతుకు ఊడుతుంది. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుప మేకులను తినేస్తుంది, అందుకే కర్రచీలలు. ఆ ఇంటి కిటికీల మీద 1559 నాటి రాతలో వడ్రంగి రిచర్డ్ డేల్ పేరు నేటికీ ఉంది. పని చేసినవాడి పేరు అలా నిలవడం ఎంత బాగుంటుందో!

జవాబు (రాయగడ నుంచి):
పుచ్చుకు కారణం సిమెంటే. పూత బీటల్లోంచి నీరు లోపలికి దిగుతుంది, బయటికి ఆరదు. ముందు సిమెంటు చెక్కించండి. దూలం కింద జాకీ, మొద్దులు పెట్టి బరువు ఎత్తాకే మొదలు కోయాలి. ఉలితో గుచ్చుతూ గట్టి చేవ తగిలేదాకా వెళ్లండి. ఎండిన టేకు ముక్కనే వాలు అతుకుగా వేయండి. అతుకు పొడవు స్తంభం మందానికి మూడు రెట్లయినా ఉండాలి. మొదలు నేలకు తగలకుండా అడుగు ఎత్తు రాతి దిమ్మె మీద నిలపండి, చెదలు ఎక్కితే కనబడతాయి.

సిరోంచ:
గోడకు మళ్లీ ఏం పూయాలి?

రాయగడ:
బంకమట్టి, ఇసుక, తరిగిన గడ్డి, పేడ. పైన ఒక వంతు ముద్ద సున్నానికి మూడు వంతుల ఇసుక. మండుటెండలో పూయకండి, వారంపాటు గోనెపట్టాలు తడిపి కప్పండి. కర్రకు వార్నిష్ వద్దు. ఇంగ్లండ్ ఇళ్ల నలుపు కూడా చాలాచోట్ల 19వ శతాబ్దంలో పూసిందే, ఓక్‌ను అలా వదిలేస్తే వెండిరంగు తిరుగుతుంది.